అలుపెరిగిన సేవకుడు

మా సంఘంలో ఒకాయన పోతే, జ్ఞాపకార్థ కూడికకు చర్చి గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. ఎప్పుడో రేషను కార్డు కోసం తీయించుకున్న ఫోటోను పెద్దది చేయించి, కింద ఎర్ర అక్షరాలతో ‘అలుపెరగని సేవకుడు’ అని వేయించారు. ఆ ఫోటోలో కూడా ఆయన అలిసిపోయే ఉన్నాడు. స్టూడియో మెట్లెక్కి వెళ్ళి ఉంటాడు. ఊపిరి సర్దుకోకముందే ఫోటో తీసేసి ఉంటారు.

పాస్టరుగారు సందేశంలో ఆ మాట నాలుగుసార్లు అన్నారు. అన్నప్పుడల్లా అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు. చిన్నప్పటినుంచీ ఆ బల్లల మీద కూర్చుని పెరిగినదాన్ని, ఆమేన్ నా నోటికి దానంతటదే వస్తుంది. ఆరోజు పళ్ళు బిగపట్టి కూర్చున్నాను. దుఃఖం అనుకుని పక్కనున్నావిడ నా చెయ్యి నొక్కింది. నాకు వచ్చింది దుఃఖం కాదు, ఒళ్ళు మంట.

ఆయన అలిసిపోయేవాడు. ప్రతిరోజూ, ప్రతి పనికీ, అందరికంటే ముందు అలిసిపోయేవాడు. ఆయన గురించి ఎవరికైనా ఒక్క సంగతి చెప్పాలంటే నేను చెప్పేది అదే. బతికున్నన్నాళ్ళూ ఆ అలుపు చూసి నవ్వాం, విసుక్కున్నాం, దాని మీద ప్రసంగాలు కూడా విన్నాం. పోయాక ఒక్క ఫ్లెక్సీతో దాన్ని తుడిచేశాం.

మా ఊరు చల్లపల్లికి దగ్గర్లో, కాలవ గట్టు మీద. ఆయన ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. ఇప్పటికీ కాలవ నీళ్ళు సరిగా ఎక్కని చివరి పొలాలకు డ్రెయిన్లో ఇంజను పెట్టి తోడుకునే రైతులు ఇటు ఘంటసాల నుంచి అటు అవనిగడ్డ దాకా ఉన్నారు. వాళ్ళందరికీ ఆయన కావాలి. కావాలి గానీ, ఆయన మీద ప్రతివాళ్ళకీ ఒకటే ఫిర్యాదు. ఇంజను విప్పుతాడు, తుడుస్తాడు, బిగిస్తాడు, చివర హ్యాండిల్ మాత్రం తిప్పడు. చేతులు వెనక్కి కట్టుకుని, పక్కకి నిలబడి, “తిప్పండి” అంటాడు.

ఒకసారి మా పక్క పొలం రైతు పేచీ పెట్టుకున్నాడు.

“మెకానిక్కువి నువ్వా నేనా? హ్యాండిలు కూడా నేనే తిప్పుకుంటే నువ్వెందుకొచ్చినట్టు?”

“ఆసుపత్రికెళ్తే దగ్గేది నువ్వా, డాక్టరా బావా? నువ్వు దగ్గు, నేను వింటా.”

రైతుకి నవ్వొచ్చింది, తిప్పాడు. ఆయన తల ఓ పక్కకి వంచి ఆ చప్పుడు విని, “అందుకుంది” అన్నాడు. ఇంజను అంటుకుని నడక పట్టడాన్ని మా వైపు అందుకోవడం అంటారు. ఆ మాట ఆయన ఇంజన్ల గురించి ఎంత వాడేవాడో తన గురించీ అంతే వాడేవాడు. చర్చి బల్లలు జరపడానికి పిలిస్తే, రెండు బల్లలు జరిపి గోడకి చేరగిలబడేవాడు. ఏమైందని అడిగితే, “ఇంకా అందుకోలేదండీ” అనేవాడు.

ఆయనకు సైకిలు ఉండేది. దాన్ని ఎక్కడం కంటే పక్కన పెట్టుకుని నడిపించడమే ఎక్కువ. ఇంటినుంచి బయల్దేరి రెండు వందల గజాలు నడిచి ఆగేవాడు. ఊరికే ఆగితే పరువు తక్కువని, ఆగినచోట ఏదో ఒకటి చదివేవాడు. సిమెంటు ప్రకటనలు, కోచింగ్ సెంటర్ల పోస్టర్లు, కిందటి ఎన్నికలవి, అంతకు ముందు ఎన్నికలవి. చర్చినుంచి మా హైస్కూలు దాకా ఏ గోడ మీద ఏం రాసి ఉందో ఆయనకు కంఠతా వచ్చు. “ఇంత చదువుంటే మీరు ఎప్పుడో డిగ్రీ అయిపోవాలి అన్నయ్యా” అని, సంఘంలో అందరూ పిలుచుకునే వరసలోనే, నేను ఎత్తిపొడిచేదాన్ని. “పరీక్షల్లో గోడలు ఇవ్వలేదు టీచరుగారూ” అనేవాడు.

ఇక్కడ ఒక వింత ఉంది. అప్పట్లో నేను దాన్ని వింతగా కాక మోసంగా చూశాను. అలా ఆగి, పది నిమిషాలు గోడ చదివి మళ్ళీ బయల్దేరాడంటే, ఇక ఆయన్ని పట్టుకోవడం మా ఎవరివల్లా అయ్యేది కాదు. ఇంటింటి ప్రార్థనలకు వెళ్ళేటప్పుడు మొదటి వీధిలో చతికిలబడేది ఆయనే, చివరి వీధిలో మా అందరికంటే ముందు నడుస్తూ పాట ఎత్తుకునేదీ ఆయనే. అందుకే నాకు అంత కోపం. బొత్తిగా నడవలేని మనిషైతే జాలి పడేదాన్ని. ఈయన నడవగలడు, తనకు ఇష్టమైనప్పుడే నడుస్తాడు అనుకున్నాను. ఒళ్ళు బద్ధకానికి కూడా వేళాపాళా ఉంటుందా అనుకున్నాను.

నేను ఇరవయ్యారేళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. ఆ సంగతి ఇక్కడ రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. పదో తరగతిలో శ్వాసక్రియ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లల్ని గ్రౌండు చుట్టూ ఒక రౌండు పరిగెత్తించి, తీసుకొచ్చి కూర్చోబెట్టి, పిక్కలు పట్టుకుని చూసుకోమనేదాన్ని. ఎందుకు లాగుతున్నాయి? అని బోర్డు మీద కండర కణం బొమ్మ వేసేదాన్ని. కండకి చేతికందేంత దూరంలో కాస్త శక్తి సిద్ధంగా ఉంటుంది, అది కొన్ని సెకన్లకే అయిపోతుంది. అప్పుడు కండ తన లోపలే దాచుకున్న చక్కెర నిల్వను విడగొట్టుకుంటుంది. దాని పేరు గ్లైకోజెన్. ఈలోగా గుండె వేగం పెరిగి, నెత్తురు ఆక్సిజన్‌నీ, కాలేయం నుంచి చక్కెరనీ, ఒంట్లో దాచిన కొవ్వునీ మోసుకొస్తుంది. మొదటి నిమిషాలు సొంత నిల్వ మీద, ఆ తరవాత నెత్తురు తెచ్చే సరుకు మీద. నేను ఈ పాఠం బాగా చెబుతానని పేరు.

ఒక ఏడు ఆ పాఠం జరుగుతుండగా ఆయన స్కూలు మోటారు బాగుచేయడానికి వచ్చి, మా క్లాసు కిటికీ దగ్గర ఆగాడు. ఆగడం మామూలే కాబట్టి నేను పట్టించుకోలేదు. గంట కొట్టాక బయటికి వస్తే, ఇంకా అక్కడే ఉన్నాడు.

“టీచరుగారూ, ఒక్క మాట. ఆ కండలో దాచుకున్న చక్కెర ఉందని చెప్పారు గదండీ.”

“అవును.”

“అది నిల్వ ఉన్నది ఉన్నట్టే ఉండిపోతే? బయటికి రాకపోతే?”

“ఎందుకు రాదు? అందరికీ వస్తుంది. అది దేవుడు చేసిన ఏర్పాటు.”

“అందరికీనా అండీ?”

“అందరికీ. మోటారు అయిందా?”

“అట్టాగేనండీ” అన్నాడు. ఏది అట్టాగేనో నేను అడగలేదు. స్టాఫ్ రూములో టీ చల్లారిపోతోంది.

మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. పొద్దుటినుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా వచ్చి మూడు గంటలదాకా మోకాళ్ళ మీద ఉంటాం. ఒక శుక్రవారం నేను జంపకానాలు తేవడానికి వెనక గదిలోకి వెళ్ళేసరికి ఆయన అటు తిరిగి నములుతున్నాడు. కాగితం మడతలో బెల్లం ముక్క.

“అన్నయ్యా!”

ఉలిక్కిపడి, మింగేశాడు.

“జంపకానాలు పరవమన్నారు గదండీ. ఇది నోట్లో వేసుకుని కాసేపు కూర్చుంటే పని చెయ్యగలుగుతా. లేకపోతే చేతులు కొంకర్లు పోతాయి.”

“ఉపవాసం ఉండలేకపోతే ఇంటిదగ్గర ఉండండి. దేవుని మందిరంలో దొంగతనంగా తినడం ఏమిటి?”

“దొంగతనం కాదండీ, మందు.”

“బెల్లం మందా? ఏ డాక్టరు రాశాడు?”

“రాయలేదండీ. నాకే తెలిసింది.”

ఆయన ముఖంలో అప్పుడు ఉన్న చిన్నబోవడం నాకు బాగా గుర్తుంది. అప్పుడు మాత్రం దాన్ని పాపం ఒప్పుకోవడంగా చదువుకున్నాను. ఆ తరవాతి ఆదివారమే సండే స్కూల్లో పిల్లలకి బైబిల్లోని ఒక రాజు కథ చెప్పాను. యుద్ధం రోజున సాయంత్రందాకా ఎవరూ ఏమీ తినకూడదని సైన్యం చేత ఒట్టు వేయించిన రాజు. ఆ సంగతి తెలియక అడవిలో కర్ర చివర తేనె అద్దుకుని నాకిన అతని కొడుకు. తేనె నోట్లో పడగానే ఆ కొడుకు కళ్ళు వెలిగాయి. పిచ్చి ఒట్టు వల్ల సైన్యమంతా సొమ్మసిల్లింది. ఆ కథలో తప్పు ఎవరిది అని పిల్లల్ని అడిగాను. రాజుదే టీచర్ అని అరిచారు. కరెక్ట్ అన్నాను. రెండు రోజుల కిందట వెనక గదిలో జరిగింది నాకు గుర్తుకైనా రాలేదు. వాక్యం నా నోట్లో ఉంది, నా చెవిలో లేదు.

ఇక సిలువ సంగతి. మా ఊళ్ళో మంచి శుక్రవారం పొద్దున్నే తాటి దూలాలతో చేయించిన సిలువను చర్చినుంచి ఎత్తుకుని, కాలవ రోడ్డున వంతెన దాటి, చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసే మైదానం దాకా నాలుగు కిలోమీటర్లు మోస్తాం. అర కిలోమీటరుకి ఒకరు. ముందురోజు రాత్రినుంచి ఉపవాసం ఉన్నవాళ్ళే మొయ్యాలి. ఎవరి తరవాత ఎవరన్నది రాసే కాగితం పన్నెండేళ్ళుగా నా చేతిలో ఉండేది. ఆయన ప్రతి ఏడూ పేరిచ్చేవాడు. ప్రతి ఏడూ ఒక మెలిక పెట్టేవాడు.

“మొదట వద్దండీ. వంతెన దగ్గర ఇవ్వండి. అప్పటికి ఒట్టి చేతుల్తో నడుచుకుంటా వస్తా.”

“సిలువకి కూడా మీకు టైము చూసుకుని ఇవ్వాలా?”

“ప్రభువు సిలువని మధ్యదారిలో అందుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు గదండీ టీచరుగారూ. పొలం నుంచి వస్తన్నాడు. ఆయన్ని మొదటినుంచీ మొయ్యమన్లేదుగా.”

“ఆయన్ని బలవంతంగా పట్టుకుని మోయించారు. మీరు బేరాలాడుతున్నారు.”

అలా ఏదో ఒక వంక మీద ప్రతి ఏడూ నేను ఆయన పేరు రాయలేదు. చివరికి ఒక ఏడు నాకు విసుగు తలకెక్కింది. ఈసారి ఏ మెలికా లేకుండా పరీక్షిద్దాం అనుకున్నాను. ఈ మనిషిలో బద్ధకాన్ని విరగ్గొట్టమని ప్రార్థన కూడా చేశాను. కాగితం మీద మొట్టమొదటి పేరు ఆయనదే రాశాను.

ఆ ఉదయం చర్చి మెట్ల దగ్గర అడిగాను. “జేబులో ఏమీ లేదుగా అన్నయ్యా?”

ఆయన నవ్వి, చొక్కా జేబు తిరగేసి చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

సిలువ ఎత్తుకున్నాడు. వంద అడుగులు బాగానే వేశాడు. ట్రాన్స్‌ఫార్మరు దాటాక ముఖం రంగు మారింది, కాళ్ళు బిగుసుకున్నట్టు పడుతున్నాయి. ఇప్పుడు ఆగుతాడు, ఏ గోడో చదువుతాడు అని నేను ఎదురుచూస్తున్నాను. ఆగలేదు. ఆయన జీవితంలో బయల్దేరినచోటి నుంచి ఆగకుండా నడిచిన మొదటి అర కిలోమీటరు అదే అయి ఉంటుంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. చూశావా ప్రభువా, నా ప్రార్థన విన్నావు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

తరవాతి మనిషి వచ్చి అందుకోబోతే ఆయన చేతులు రాలేదు. వేళ్ళు దూలం చుట్టూ పిడికిలిగా బిగిసిపోయి ఉన్నాయి. ఇద్దరు కలిసి ఒక్కొక్క వేలూ విడదీశారు. ఆయన రోడ్డు పక్కన కూర్చుని చేతుల వంక చూసుకున్నాడు. మేం పాడుకుంటూ ముందుకు వెళ్ళాం.

మర్నాడు పొద్దున ఆయన భార్య ఫోన్ చేసింది.

“టీచరుగారూ, ఈయనకి మూత్రం కాఫీ డికాషన్లా వస్తంది. కాళ్ళు కదపలేకపోతన్నాడు.”

బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కారులో నా ఒళ్ళో ఆయన చెప్పులు. ఎవరు పెట్టారో తెలియదు, దారి పొడుగునా పట్టుకునే కూర్చున్నాను. కండలు చితికి ఆ సరుకంతా నెత్తుట్లో కలిసిందని, మూత్రపిండాలు మొరాయిస్తున్నాయని చెప్పారు. రెండుసార్లు డయాలిసిస్ పెట్టారు. మూడో రోజున ఒక అమ్మాయి డాక్టరు వచ్చి మంచం పక్కన కూర్చుంది. నా దగ్గర చదువుకున్న పిల్లల వయసే.

“బాబాయిగారూ, మీరు పని మొదలుపెట్టిన కాసేపటికే కండలు పట్టేస్తాయా?”

“పట్టేస్తాయమ్మా.”

“ఆగి, కాసేపు కూర్చుని, మళ్ళీ నెమ్మదిగా నడిస్తే తేలికవుతుందా?”

ఆయన ఆ అమ్మాయి వంక చూసిన చూపు నేను చెప్పలేను. తప్పిపోయినవాణ్ణి ఎవరో పరాయి ఊళ్ళో పేరు పెట్టి పిలిచినట్టు చూశాడు. యాభై రెండేళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. “చిన్నప్పట్నించీ అంతేనమ్మా” అన్నాడు. 

రక్తం ఎక్కడికో పంపి పరీక్ష చేయించారు. ఆ అమ్మాయి అనుకున్నదే నిజమైంది. కండలో చక్కెర నిల్వ ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైము ఆయనకు పుట్టుకతోనే లేదు. నిల్వ నిండుగా ఉంటుంది గానీ బయటికి రాదు. కాసేపు ఆగితే నెత్తురు చక్కెరనీ, కొవ్వునీ తెచ్చి ఇస్తుంది, అప్పుడు నడుస్తాడు. పనికి ముందు కాస్త తీపి తింటే ఆ లోటు కొంత పూడుతుంది. ఖాళీ కడుపుతో, ఉన్నట్టుండి బరువెత్తడం మాత్రం పనికిరాదు. పైగా, పట్టేసినా ఆగకుండా లాగితే కండ చితుకుతుంది.

నేను గోడకి ఆనుకుని నిలబడి విన్నాను. ఆయనకు మాత్రం సంతోషంగా ఉంది.

“అంటే ట్యాంకు నిండా డీజిలు ఉంది, పైపు పూడుకుపోయింది. పక్కనించి డబ్బాతో పోస్తే నడుస్తది. అంతేగా అమ్మా?”

“అంతే బాబాయిగారూ.”

“ఓసింతేనా! ఇన్నాళ్ళూ ఇంజనే దండగదనుకున్నా.”

డాక్టరు వెళ్ళాక ఆయన మీద విరుచుకుపడ్డాను. నాకు ఎవరో ఒకరి మీద అరవాలనిపించింది. “ఎందుకు చెప్పలేదు అన్నయ్యా? ఇన్నేళ్ళూ నవ్వుతూ జోకులేస్తూ తిరిగారు గానీ, ఒంట్లో ఇలా ఉందని ఒక్కసారైనా గట్టిగా చెప్పారా?”

“అడిగాను గదండీ” అన్నాడు మెల్లగా. “మీ క్లాసు కిటికీ దగ్గర. అందరికీ వస్తదన్నారు.”

అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండును.

ఆయన లేచి తిరగడానికి రెండు నెలలు పట్టింది. మూత్రపిండాలు పూర్తిగా మునుపటిలా కాలేదన్నారు. నేను పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఉపవాసం ఉన్నవాళ్ళే సిలువ మొయ్యాలన్న నియమం తీసేద్దాం అన్నాను. తేనె నాకిన రాజకుమారుడి గురించి చెప్పాను. చెట్టు కింద పడి చావు కోరుకున్న ప్రవక్త దగ్గరికి దేవదూత ముందు రొట్టె పట్టుకొచ్చింది గానీ సలహా పట్టుకురాలేదని చెప్పాను. పాస్టరుగారు శ్రద్ధగానే విన్నారు.

“మీరన్నది నిజమే టీచరుగారూ. కానీ ఒక్క మనిషి కోసం సంఘమంతా పాటించేది ఎట్టా మారుస్తాం? వైద్యం వైద్యమే, వాక్యం వాక్యమే. ఆయన పేరు తీసేయండి, సరిపోద్ది.”

నాకూ అదే తేలికగా కనిపించింది. నియమం అలాగే ఉంది, మనిషి పేరు పోయింది. అప్పుడు దాన్ని జాగ్రత్త అనుకున్నాను.

ఆయన మాత్రం ఆ ఏడంతా సిద్ధపడ్డాడు. రోజూ సాయంత్రం చల్లపల్లి వైపు నెమ్మదిగా నడిచేవాడు. అలా నడిస్తే మంచిదని ఆ డాక్టరమ్మాయే చెప్పిందట. సెల్‌ఫోనులో టైము పెట్టుకుని ఎన్నో నిమిషానికి ఒళ్ళు తేలికవుతుందో చూసుకునేవాడు. గోడలు చదవడం మానేశాడు. రోడ్డు పక్కన బాహాటంగా కూర్చుని, అడిగినవాళ్ళకి అడగనివాళ్ళకి తన కండల సంగతి ఇంజను భాషలో చెప్పేవాడు. మంచి శుక్రవారానికి ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలం మొదలయ్యాక ఒక సాయంత్రం నన్ను చర్చికి రమ్మని కబురు పెట్టాడు. వెళ్ళేసరికి అప్పటికే చెమట పట్టి ఉన్నాడు. నా కళ్ళముందు బల్లలు ఒక్కొక్కటీ ఎత్తి గోడ పక్కకి చేర్చాడు. పద్నాలుగు బల్లలు, ఎక్కడా ఆగలేదు.

“చూశారుగా. బెల్లం తిని, పావుగంట నడిచొచ్చా. డాక్టరమ్మనీ అడిగా. పట్టేస్తే దించెయ్యండి, తేలిగ్గా ఉంటే కాసేపు పర్లేదంది. ఈసారి వంతెన దగ్గర నా పేరు రాయండి.”

“వద్దన్నయ్యా.”

“వంద అడుగులు. ఎక్కువొద్దు.”

“మళ్ళీ ఏమన్నా అయితే? నా వల్ల కాదు. మీరు రోగి, ఆ మాట మర్చిపోకండి.”

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. ఆయన కోపపడగా నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

“అంతకు ముందు సోమరినన్నారు. ఇప్పుడు రోగినంటన్నారు. మనిషినని ఎప్పుడంటారండీ?”

 నా భయం నాకు పెద్దదిగా ఉంది. ఆయన చేతుల్ని మళ్ళీ అలా చూడలేననుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, మొదటిసారి ఇచ్చినప్పుడూ నేను ఆయన మాట వినలేదు, రెండోసారి ఇవ్వనప్పుడూ వినలేదు. మొదటిసారి విసుగు, రెండోసారి జాలి, తేడా అంతే. ఆయన చెప్పింది రెండుసార్లూ ఒకటే: మొదట వద్దు, వంతెన దగ్గర ఇవ్వండి.

వానాకాలంలో ఊరంతా జ్వరాలొచ్చాయి. ఆయనకూ వచ్చింది. దెబ్బతిన్న మూత్రపిండాలు దాన్ని తట్టుకోలేదన్నారు. నేను పెట్టిన ఆ అర కిలోమీటరుకీ ఈ జ్వరానికీ ఎంత సంబంధం ఉందో డాక్టర్లు చెప్పలేదు, నేను అడగలేదు. ప్రభువు క్షమిస్తాడని నాకు నమ్మకం ఉంది. ఆ నమ్మకమే లేకపోతే ఆ గేటు దాటి లోపలికి అడుగు పెట్టలేను. కానీ క్షమాపణ దొరికినంత మాత్రాన విసుగు పోవడం లేదు. తెలిసిన పాఠం, తెలిసిన వాక్యం, రెండూ చేతిలో పెట్టుకుని ఒక మనిషిని ఇంతకాలం తప్పుగా చదివానే అన్న విసుగు.

ఆయన పోవడానికి ముందు వచ్చిన మంచి శుక్రవారం గురించి చెప్పి ఆపేస్తాను.

కాగితం మీద ఆయన పేరు లేదు. అయినా వచ్చాడు. అందరికంటే ముందే ఇంటినుంచి బయల్దేరి, తన లెక్క ప్రకారం ఆగి, కూర్చుని, లేచి, సిలువ వంతెన దగ్గరికి వచ్చేసరికి మా పక్కన నడుస్తున్నాడు. భుజం మీద ఉతికిన తువ్వాలు ఉంది. ముఖం తేటగా ఉంది, ఊపిరి నిలకడగా ఉంది. ఆ క్షణంలో ఆయన ఒంట్లో ఏం జరుగుతోందో ఊళ్ళో అందరికంటే నాకు బాగా తెలుసు. నెత్తురు సరుకు తెస్తోంది, కండలు దాన్ని అందుకుని వాడుకుంటున్నాయి. నేను ఇరవయ్యారేళ్ళు బోర్డు మీద గీసిన బొమ్మ నా పక్కన నడుస్తోంది.

వంతెన మీద సిలువ చేతులు మారాలి. కాగితంలో తరవాతి పేరున్న మనిషి ఫోనులో వీడియో తీస్తూ ఎక్కడో వెనకబడిపోయాడు. మోస్తున్నాయన భుజం కుంగిపోతోంది. పాట ఆగింది. నేను పేరు పిలిచాను. ఎవరూ రాలేదు.

ఆయన నా దగ్గరికి వచ్చాడు.

“టీచరుగారూ, ఇప్పుడివ్వండి. వంతెన దిగేదాకా. ఇప్పుడు మొయ్యగలను.”

అడుక్కోవడం కాదు. పని తెలిసిన మనిషి చెప్పే మాటలా చెప్పాడు.

నేను కాగితంలోకి చూస్తూ, ఆ వెనకబడినతని పేరే ఇంకోసారి, ఇంకా గట్టిగా పిలిచాను.

అతను జనాన్ని తోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.  ఆయన తన భుజం మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, దూలం ఒరుసుకోకుండా అతని భుజం మీద సర్ది, పక్కకి తప్పుకున్నాడు.